వైకింగ్ అన్న మాటకు నేను చెప్పిన తెలుగు

చెన్నూరు దాటి గోదావరి వైపు రెండు కోసులు పోతే ఒక ఊరు వస్తుంది. హైదరాబాద్ రాష్ట్రం ఇంకెన్నాళ్లో ఉండదని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ఒక ఎండాకాలం, ఆ ఊరి పొలాల్లో గుడారం వేసుకుని నేను దుబాసీ పని చేశాను. భూమి కింద బొగ్గు ఉన్నదీ లేనిదీ చూడడానికి సర్కారు అక్కడ ఒక డ్రిల్లింగ్ క్యాంపు పెట్టింది. మూడు ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన యంత్రం, దాని డీజిల్ ఇంజను, పొడవాటి గొట్టాలు, నస్పూర్ వైపు నుంచి వచ్చిన నలుగురు మెషీన్ పనివాళ్లు, ఒక ఆఫీసరు, సర్వే కుర్రవాళ్లు, చౌకీదార్లు, ఊళ్లోనుంచి వచ్చే ముప్పై మంది కూలీలు. అంతే క్యాంపు. యంత్రం బయటి దేశానిది. దాన్ని సరిగా నడిపి చూపించడానికి నార్వే నుంచి ఒక ఇంజనీరు వస్తున్నాడనీ, ఆయన ఇంగ్లీషును తెలుగులో చెప్పే మనిషి కావాలనీ తెలిసి నేను అర్జీ పెట్టుకున్నాను.

అప్పటికి నాకు ముప్పై ఏళ్లు. మాది మిషన్ కాంపౌండులో పెరిగిన కుటుంబం. బాపు, అంటే మా నాన్న, దొరసానుల తోటలో పనిచేశాడు. అవ్వ, అంటే మా అమ్మ, మిషన్ ఆసుపత్రిలో ఆయా. నేను మిషన్ బడిలోనే చదివి, అక్కడే పంతులునయ్యాను. ఆ బడి మూతపడ్డాక ఏడాదిగా పని లేకుండా ఉన్నాను. ఇంగ్లీషు మీద నాకు గర్వం ఉండేది. నాలుగు తాలూకాల్లో నా అంత ఇంగ్లీషు వచ్చినవాడు లేడని లోలోపల అనుకునేవాణ్ణి. జరిగినదానికి సగం కారణం ఆ గర్వమే.

నా భార్య, నాలుగేళ్ల మా బిడ్డ కూడా నాతోనే క్యాంపుకు వచ్చారు. మొదటి రెండు వారాలు బాగానే గడిచాయి. ఇంజనీరు ఇంకా రాలేదు. మెషీన్ పనివాళ్లు అప్పటికే ఒక బోరు మొదలుపెట్టారు. ఊరి ఎడ్లబండ్లు వాగులోనుంచి పీపాలతో నీళ్లు తెచ్చేవి. ఆ యంత్రానికి నీళ్లు లేనిదే పని జరగదు. రాతిని కోసే మొన వేడెక్కకుండా, బోరు గోడలు కూలకుండా పైనుంచి నీళ్లు ఆడుతూనే ఉండాలి. సర్వే కుర్రవాళ్లు పొలాల్లో పుల్లలు పాతారు, అక్కడక్కడా రాళ్లమీద ఎర్ర రంగుతో బాణం గుర్తులు వేశారు. ఒక గుర్తు ఊరి మొదట్లో ఉన్న ఇంటి గడప రాయి మీద కూడా వేశారు. ఆ ఇల్లు ఒక పెద్దమనిషిది. అరవై దాటిన రైతు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు, కానీ ఊళ్లో ఆయన లేస్తే పది మంది లేచేవారు. ఆ గుర్తు చూసి కూడా ఆయన ఏమీ అనలేదు. నీళ్ల బండ్లు నాలుగింటిలో రెండు ఆయనవే.

ఇంజనీరు వచ్చిన రోజు సాయంత్రం యంత్రం పక్కన చిన్న షామియానా వేసి సభ పెట్టారు. ఇంజనీరు నలభై దాటిన మనిషి. ఎండకు ముఖం ఎర్రగా కమిలిపోయి ఉంది, మాట చాలా మెల్లగా వచ్చేది. మా క్యాంపు ఆఫీసరు హైదరాబాదు వాడు. ఆయనకు తెలుగు అర్థమయ్యేది, కానీ మాట్లాడేవాడు కాదు. ఇంగ్లీషులో ఉపన్యాసం మొదలుపెట్టి ఒక్కో వాక్యం తర్వాత ఆగుతున్నాడు. నేను నిలబడి తెలుగులో చెబుతున్నాను. ముందు వరసలో ఊరి పెద్దలు, వెనక కూలీలు, ఇంకా వెనక ఆడవాళ్లు.

అన్నీ బాగానే చెప్పుకొచ్చాను. చివర్లో ఆఫీసరు చేయి చాచి, ఈ మహానుభావుడి ఒంట్లో వైకింగ్ రక్తం ప్రవహిస్తోంది అన్నాడు. అని, ఇంజనీరు వైపు వంగి ఆయనతో ఏదో మాట్లాడడం మొదలుపెట్టాడు.

ఆ మాట నేను బడిలో చదివిన ఇంగ్లీషు చరిత్ర పుస్తకంలో ఉంది. పడవల్లో వచ్చి ఒడ్డున ఉన్న ఊళ్లను దోచుకుని, చర్చిలను తగలబెట్టిన మనుషుల బొమ్మ కింద ఆ మాట ఉండేది. తెలియదని వదిలేయవచ్చు. గొప్ప వంశం అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ తెలుసని చూపించాలనిపించింది.

"ఈ దొర తాతముత్తాతలు సముద్రం మీద పడవలల్ల వచ్చి ఊళ్లను దోచుకున్న బందిపోట్లు. ఆ రక్తమే ఈయన ఒంట్ల ఉన్నది" అన్నాను.

జనం నవ్వుతారనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి తన తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుని లేచాడు. నా వైపు ఒకసారి చూశాడు. ఊళ్లోకి నడిచాడు. ఆయన వెనక ముందు వరస లేచింది, తర్వాత కూలీలు లేచారు. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వెళ్లిపోయారు. ఆఫీసరు తల తిప్పేసరికి షామియానా కింద మేము పది మందిమే ఉన్నాం.

"ఏమైంది?" అన్నాడు.

"పశువులు ఇంటికొచ్చే వేళ సాబ్" అన్నాను.

ఆ ఊళ్లో ఏడెనిమిదేళ్ల కిందట ఏం జరిగిందో నాకు తెలియకపోలేదు. ఆ వైపు ఊళ్లలో తెలియనివాళ్లెవరు? పోలీసు చర్యకు ముందు ఆ ఊరి మీద ఆయుధాలతో మనుషులు పడ్డారు. ధాన్యం ఎత్తుకుపోయారు, పదకొండు ఇళ్లు కాల్చారు. పెద్దమనిషి పెద్దకొడుకును వాకిట్లోనే చంపారు. అంతా తెలిసీ ఆ ఊరివాళ్ల ముందు నిలబడి ఆ మాట అన్నాను.

చీకటి పడకముందే నా భార్య బావి దగ్గరనుంచి ఖాళీ బిందెతో తిరిగొచ్చింది.

"నేను పోంగనే బావి కాడి ఆడోళ్లు లేచిపోయిండ్రు" అంది. "బిడ్డను చూసి ఒకామె తలుపేసుకున్నది. పొద్దుగూకంగ మీరేమన్నరు వాళ్లను?"

చెప్పాను. ఆమె బిందె కింద పెట్టింది.

"దొర ఏమనలే. ఆఫీసరు ఏమనలే. ఆ మాట మీ నోట్లకెళ్లే వచ్చింది" అంది. "మీరే దిద్దుకోవాలె."

మర్నాడు కూలీలు రాలేదు. నీళ్ల బండ్లు రాలేదు. పాలు పోసే ఆమె రాలేదు. చౌకీదారు ఒకణ్ణి ఊళ్లోకి పంపితే తిరిగొచ్చి, ఇళ్ల ముందు మనుషులు గుంపులుగా కూర్చున్నారనీ తనతో ఎవరూ మాట్లాడలేదనీ చెప్పాడు. ఒక ముసలామె మాత్రం వాడి ముఖం మీదే అడిగిందట, "గా ఎర్ర గుర్తులు ఎవరెవరి ఇండ్లకు పెట్టిండ్రు?" అని. అప్పుడు ఇళ్లను దోచే ముందు కూడా ఎవరో వచ్చి గోడలకు సున్నంతో గుర్తులు పెట్టిపోయారట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. నిన్నటిదాకా సర్వే గుర్తులు సర్వే గుర్తులుగానే ఉన్నాయి. నా మాటతో వాటికి వేరే అర్థం వచ్చింది.

పన్నెండు గంటలకల్లా పీపాల్లో నీళ్లు అయిపోయాయి. ఇంజనీరు యంత్రం ఆపించాడు. బోరులో నుంచి బయటికి కనిపిస్తున్న గొట్టాన్ని చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"కింద ఇసుక పొర ఉంది. నీళ్లు ఆడకపోతే గోడలు కూలి గొట్టాలను పట్టేస్తాయి. రేపు సాయంత్రం దాకా ఆగుతుందేమో. తర్వాత ఈ బోరు పోయినట్టే, గొట్టాలు కూడా పోయినట్టే" అన్నాడు. "మనుషులు ఎందుకు రాలేదు?"

"ఊళ్లో జాతర ఉంది" అన్నాను.

ఆయన ఊరివైపు చూశాడు. డప్పు చప్పుడు లేదు, మనుషుల సందడి లేదు. నన్ను ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఆ రోజంతా ఆయన కంట పడకుండా తిరిగాను.

మూడో రోజు పొద్దున్నే సర్వే కుర్రవాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చి, పొలాల్లో పాతిన పుల్లల్లో సగం పీకేసి ఉన్నాయని చెప్పారు. చౌకీదార్లు వెతికి ఒక మనిషిని పట్టుకొచ్చారు. పాతికేళ్లవాడు, చేతిలో నాలుగు పుల్లలు ఉన్నాయి. పెద్దమనిషికి మిగిలిన ఒక్క కొడుకు. ఆఫీసరు అతని చేతులు వెనక్కి కట్టించి సామాన్ల గుడారంలో కూర్చోబెట్టాడు. సైకిల్ మీద ఒక మనిషిని చెన్నూరుకు పంపాడు, పోలీసులను తీసుకురమ్మని.

ఇంజనీరు గుడారానికి వెళ్లి, ఆయన ముందు నిలబడి అంతా చెప్పేశాను. సభలో ఆఫీసరు ఏమన్నాడు, నేను ఏమని చెప్పాను, ఈ ఊళ్లో ముందు ఏం జరిగింది, జాతర అబద్ధం. చెబుతున్నంతసేపూ ఆయన నన్నే చూస్తున్నాడు. కోప్పడతాడనుకున్నాను.

"కూర్చో" అన్నాడు. తర్వాత, "నీ అనువాదం తప్పు కాదు. వాళ్లు దోచుకున్నారు. చర్చిలు కాల్చారు. మనుషుల్ని పట్టుకుపోయి బానిసలుగా అమ్మారు. అది నిజం" అన్నాడు.

నేను అక్కడున్న పెట్టె మీద కూర్చున్నాను.

"ఆ మాట నాకు ఇష్టం లేదు. ఎందుకో చెప్తాను. యుద్ధంలో పరాయి సైన్యం మా దేశంలోకి వచ్చింది. ఐదేళ్లు ఉంది. మా ఊరి గోడల మీద కాగితాలు అంటించారు. పడవ బొమ్మ, ఈటె పట్టుకున్న మనిషి బొమ్మ, కింద ఆ మాట. మీరు వీరుల సంతతి, మాతో రండి అని కుర్రవాళ్లను పిలిచారు. నా తమ్ముడికి పంతొమ్మిదేళ్లు. వెళ్లాడు. తూర్పున మంచులో ఎక్కడో చచ్చిపోయాడు. శత్రువు వైపు నిలబడి పోయాడని ఊళ్లో ఈనాటికీ మా అమ్మతో కొందరు మాట్లాడరు."

ఇంత చెప్పి ఆయన లేచి నీళ్లు తాగాడు. నేను నెమ్మదిగా అడిగాను, అసలు ఆ మాటకు అర్థం ఏమిటని.

ఆయన నేల మీద పుల్లతో గీశాడు. సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన ఒక వంపు. "దీన్ని మా భాషలో వీక్ అంటాం. మా అమ్మ పుట్టిన ఊరి పేరు కూడా అదే. మేము వైకింగ్ అనం, వీకింగ్ అంటాం. వీక్, దాని తర్వాత ఇంగ్. ఇంగ్ అంటే ఆ చోటి మనిషి. వంపులోవాడు అని కొందరంటారు. పడవలు అక్కడ దాక్కుని ఉండి బయటికి వచ్చేవి కాబట్టి."

"అంతేనా?"

"కాదని ఇంకొందరంటారు. పాత భాషలో వికా అని ఇంకో మాట ఉంది. తెడ్డు వేసేవాళ్లు అలిసిపోయి వేరేవాళ్లకు చోటిస్తారు కదా, ఆ వంతు. ఒక వంతులో పడవ పోయే దూరాన్ని కూడా వికా అంటారు. అలా వంతులు మారుతూ దూరం పోయేవాళ్లు అని వాళ్ల వాదం. ఇంగ్లండులో ఇంకో మాట ఉంది, విడిది అని అర్థం. విడిది వేసుకుని దోచుకునేవాళ్లు అని మూడో వాదం. ఏది నిజమో ఎవరికీ తెలియదు. మా బడి పంతులు మూడూ చెప్పి, నాకు తెలియదు అన్నాడు."

మేము మాట్లాడుతుండగానే ఆఫీసరు వచ్చాడు. బయట జనం చేరుతున్నారని చెప్పాడు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. సభలో నేను ఏమన్నానో ఎవరి ద్వారానో ఆయనకు తెలిసిపోయింది.

"నువ్వు చేసినదాన్ని నువ్వే సరిచెయ్యి" అన్నాడు ఉర్దూలో. "వాళ్లతో చెప్పు, ఆ మాటకు రాజు అని అర్థం అని. వై-కింగ్. కింగ్ అందులోనే ఉంది. సముద్రపు రాజుల వంశం అని చెప్పు. తప్పుగా చెప్పాను, క్షమించండి అను."

"అందులో కింగ్ లేదు సాబ్" అన్నాను.

"ఉందో లేదో వాళ్లకేం తెలుసు?"

గుడారం బయటికొచ్చి చూశాను. ఎండ నడినెత్తిన ఉంది. క్యాంపు చుట్టూ కట్టిన తాడుకు అవతల వంద మందికి పైగా నిలబడి ఉన్నారు. కొందరి చేతుల్లో కర్రలు, ఇద్దరి దగ్గర గొడ్డళ్లు. అరుపుల్లేవు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. ముందు పెద్దమనిషి నిలబడి ఉన్నాడు, ఆయన చేతిలో ఏమీ లేదు. మెషీన్ పనివాళ్లు ఇనుప పానాలు పట్టుకుని ఇంజను వెనక నిలబడ్డారు. ఎవరైనా ఒక రాయి విసిరితే చాలు.

మా గుడారం ముందు నా భార్య బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. లోపలికి పొమ్మని సైగ చేశాను. ఆమె కదల్లేదు.

తాడు దాటి జనం దగ్గరికి నడిచాను. వెనకనే ఇంజనీరు, నాలుగడుగుల దూరంలో ఆఫీసరు.

"పెద్దయ్యా" అన్నాను.

"నా కొడుకేడి?" అన్నాడాయన.

"గుడారంల ఉన్నడు. ఏం దెబ్బలు తగల్లే."

"కట్టేసిండ్రా?"

"కట్టేసిండ్రు."

జనంలో కదలిక వచ్చింది. ఆయన చేయి కొంచెం పైకెత్తాడు, ఆగిపోయారు.

"పంతులూ, మొన్న నువ్వొక మాట చెప్పినవు. గీ దొర బందిపోట్ల మనిషని. నిజమా, అబద్ధమా? సక్కగ చెప్పు."

ఆఫీసరు నా వెనక దగ్గాడు. రాజు అన్న మాట నా నాలుక మీద ఉంది. అంటే అయిపోతుందేమో అనిపించింది కూడా. కానీ ఆ మనిషి నన్ను ఎలా చూస్తున్నాడంటే, నేను ఏం చెప్పినా ఆయన దాన్ని నమ్మాలనే వచ్చాడు. అబద్ధం చెబితే దాన్నే నమ్ముతాడు.

"నిజమే పెద్దయ్యా" అన్నాను. "వెయ్యేండ్ల కింద ఆ దేశం మనుషులు కొందరు పడవలల్ల పోయి ఊళ్లు దోచుకున్నరు, మనుషులను పట్టుకపోయిండ్రు. దొర కూడ ఒప్పుకున్నడు. కానీ నేను మొన్న సగమే చెప్పిన. ఆ మాటకు బందిపోటు అని అర్థం కాదు. అర్థం ఎవరికీ తెల్వదు."

"తెల్వకుంట ఎట్లుంటది?"

నేను విన్నదంతా చెప్పాను. సముద్రం నాకే తెలియదు, వాళ్లకెలా చెప్పను? గోదావరి ఒడ్డు లోపలికి వంగి నీళ్లు నిలిచే చోటు ఉంటుంది కదా, అలాంటి చోటివాడు అని కొందరంటారన్నాను. బావుల మీద మోట కొట్టేటోళ్లు వంతులు మారినట్టు పడవలో తెడ్డు వేసేటోళ్లు వంతులు మారతారు, ఆ వంతు మాటలోనుంచి వచ్చిందని ఇంకొందరంటారన్నాను. విడిది సంగతి కూడా చెప్పాను. ఎండలో వంద మంది కర్రలు పట్టుకుని ఒక పరాయి మాట పుట్టుక గురించి వింటున్నారు. తర్వాత, ఎందుకో నాకే తెలియదు, ఇంజనీరు తమ్ముడి సంగతి కూడా చెప్పాను. పరాయి సైన్యం ఆ మాటే గోడలకు అంటించి పిల్లలను తీసుకుపోయిందని, ఆ పిల్లవాడు తిరిగి రాలేదని.

పెద్దమనిషి ఇంజనీరు వైపు చూశాడు.

"మా ఇండ్లు కాల్చినోళ్ల పేరుకు కూడ మంచి అర్థమే ఉండెనట" అన్నాడు. "తమంతట తామే సేవ చేసెటోళ్లు అని. ఉర్దూ చదివిన పిలగాడు తర్వాత చెప్పిండు. నా పెద్దకొడుకును సంపంగ నాకు గా అర్థం తెల్వదు." ఇంజనీరును చూపిస్తూ, "మాట సంగతి ఇడిసిపెట్టు. దొరను అడుగు. ఆయినెందుకు వచ్చిండు? మా దగ్గర ఏం తీసుకపోతడు?"

నేను ఇంజనీరుకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన యంత్రం దగ్గరికి వెళ్లి, చెక్క పెట్టెలోనుంచి మణికట్టంత లావున్న రాతి కడ్డీ ఒకటి తెచ్చాడు. బోరులోనుంచి తీసినది. దాన్ని పెద్దమనిషి చేతిలో పెట్టాడు.

"ఇది తీసుకుంటాను. ఇంతే" అన్నాడు. "ఈ భూమి కింద ఏముందో కాగితం మీద రాసి ఇచ్చి వెళ్లిపోతాను. బొగ్గు ఉంటే ఆ తర్వాత మీ పొలాలను ఏం చేస్తారో నాకు తెలియదు. నా చేతిలో లేదు. ఏమీ చేయరని నేను మాటివ్వలేను."

చివరి రెండు మాటల దగ్గర ఆగాను. ఆఫీసరు నా పక్కకు వచ్చి, "ఆ చివరిది అవసరం లేదు" అని నెమ్మదిగా అన్నాడు. ఆయనకు తెలుగు అర్థమవుతుంది. నేను ఏది వదిలేసినా, ఏది కలిపినా ఆయనకు తెలుస్తుంది. నా భార్య ఇంకా అక్కడే నిలబడి ఉంది.

మొత్తం చెప్పాను. ఒక్క మాట కూడా వదలలేదు.

జనంలో గుసగుసలు లేచాయి. వెనకనుంచి ఒకడు, "భూములు పోతయని ఆయిన నోటితోనే చెప్పబట్టె" అన్నాడు. ఇంకొకడు ముందుకు తోసుకొచ్చాడు. మెషీన్ పనివాళ్లు ఇంజను వెనకనుంచి ఇటు వచ్చారు.

పెద్దమనిషి ఆ కడ్డీని చేతిలో తిప్పి చూస్తున్నాడు. గోరుతో గీకాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇన్నేండ్లకు ఒక్క సర్కారు మనిషి కూడ నాకు తెల్వదు అన్నది నేను వినలే" అన్నాడు. వెనక్కి తిరిగి, "ఆగుండ్రి" అన్నాడు. మళ్లీ నాతో, "నా కొడుకును ఇడిపించు. నా గడప మీది గుర్తు తీసెయ్యాలె. పంట ఉన్న చేన్ల పుల్ల పాతొద్దు. తవ్విన బోరు తవ్వుకోండ్రి, నీళ్లు పోపిస్త. ఇంకో బోరుకు మళ్ల మాట్లాడాలె. ఇయ్యాల్నే ఒప్పుకున్నట్టు కాదు."

ఆఫీసరు ఒప్పుకోనన్నాడు. పోలీసులు వస్తున్నారు, వాళ్లే తేలుస్తారన్నాడు. ఇంజనీరు గడియారం చూసుకుని, ఇంకో రెండు మూడు గంటల్లో నీళ్లు రాకపోతే గొట్టాలు భూమిలోనే ఉండిపోతాయనీ, ఎందుకు పోయాయో తానే రాసి హైదరాబాదుకు పంపుతాననీ చెప్పాడు. గొంతు పెంచలేదు. ఆఫీసరు కట్లు విప్పమని చౌకీదారుకు సైగ చేశాడు.

ఆ కొడుకు బయటికి వచ్చినప్పుడు అతని మణికట్లు రెండూ కమిలి ఉన్నాయి. తండ్రి ఆ చేతులు పట్టుకుని చూశాడు. బండ్లు కట్టమని చెప్పాడు.

నీళ్లు వచ్చేసరికి పొద్దు వాలింది. యంత్రం మళ్లీ మొదలుపెడితే గొట్టం తిరగలేదు. ఇసుక పట్టేసింది. ఇంజనీరు చొక్కా విప్పి, మెషీన్ పనివాళ్లతో పాటు తానూ పానా పట్టుకుని, అంగుళం అంగుళం కదిలిస్తూ నీళ్లు ఆడించాడు. ఊరివాళ్లు వెళ్లిపోకుండా చుట్టూ నిలబడి చూశారు. కాసేపటికి కర్రలు పక్కన పెట్టి ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చి పట్టుకున్నారు. గొట్టం ఒక్కసారి కదిలి తిరిగినప్పుడు అందరి నోటా ఒకటే నిట్టూర్పు వచ్చింది. పోలీసు జీపు వచ్చింది అప్పుడే. జమేదారు దిగి, ఎవరిని పట్టుకోవాలని అడిగాడు. ఆఫీసరు నీళ్ల బండ్ల వైపు చూసి, ఎవరూ లేరన్నాడు.

మర్నాడు ఇంజనీరు కిరసనాయిలులో తడిపిన గుడ్డ పట్టుకుని పెద్దమనిషి ఇంటికి వెళ్లాడు. నేను వెంట వెళ్లాను. గడప రాయిని ఎంత రుద్దినా రంగు పూర్తిగా పోలేదు, రాయిలోకి ఇంకిపోయింది. ఆ ఇంటి ఆడమనిషి ఒకామె బయటికొచ్చి, చాలు, ఇక వదిలేయమంది. మా ఇద్దరికీ చల్ల ఇచ్చింది.

ఆ బోరులో బొగ్గు తగిలింది కానీ పొర సన్నం, తవ్వడానికి పనికిరాదని తేలింది. రెండు నెలలకు క్యాంపు ఆసిఫాబాద్ వైపు కదిలింది. నన్ను వెంట తీసుకుపోలేదు. దుబాసీగా నమ్మదగినవాణ్ణి కానని ఆఫీసరు రాసిన కాగితం నా చేతికిచ్చాడు. ఇంజనీరు దాన్ని చదివి, తాను ఇంకో కాగితం రాసిస్తానన్నాడు. రాసిచ్చాడు కూడా. మొదటి కాగితం మీద సర్కారు ముద్ర ఉంది, రెండోదాని మీద లేదు. ఆ తర్వాత ఆయన ఎక్కడికి పోయాడో, ఏమయ్యాడో నాకు తెలియదు.

మంచిర్యాలలో రైలు ఎక్కడానికి మాకు ఒక బండి కావాల్సి వచ్చింది. పెద్దమనిషి తన బండే పంపాడు. తోలింది ఆ కొడుకే. ఒక వాగు దగ్గర ఎడ్లకు నీళ్లు తాపుతున్నప్పుడు నేనే మాట కదిపాను.

"నా మాటతోనే నిన్ను కట్టేసిండ్రు తమ్మీ. మనసుల పెట్టుకోకు."

అతను ఎడ్ల మెడలు నిమురుతూ, "మీరు ఆ మాట అనకున్నా పుల్లలు పీకెటోన్నే" అన్నాడు. "గా చేను మా అన్న దున్నిన చేను."

నా భార్య మూట విప్పి అతనికి రెండు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం ఇచ్చింది. అతను బండి నొగ మీద కూర్చుని తిన్నాడు. మా బిడ్డ దిగి అతని పక్కన కూర్చుంది, అతను తన రొట్టెలో ముక్క తుంచి దానికి పెట్టాడు.

సాయంత్రానికి స్టేషన్ చేరాం. పెద్దపల్లిలో దిగి, అక్కడనుంచి బస్సులో కరీంనగర్ పోవాలి, అవ్వ దగ్గరికి. అక్కడ ఏం చేస్తానో నాకు తెలియదు. రైలు వచ్చేదాకా అతను బండి విప్పకుండా అక్కడే ఆగాడు, సామాను ఎక్కించాడు. రైలు కదిలాక నా భార్య కిటికీలోనుంచి అతనికి చేయి ఊపింది. తాడుతో కట్టిన అతని చేతులు గుర్తొచ్చి నేను ఊపలేకపోయాను.